ఏం కాదులే

మా బండి పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మనేది. దూరంగా ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు. యాక్సిలరేటర్ నొక్కితే చప్పుడు వేగం పెరిగేది. ఐదు నిమిషాలు పోయాక దానంతటదే ఆగిపోయేది. అది ఆగిపోయేది కాబట్టి నేనూ దాని గురించి ఆలోచించడం ఆపేసేవాణ్ని.

బండి అంటే 1978 నాటి వోక్స్‌వ్యాగన్ బస్. పైకప్పు లేస్తుంది, లోపల ఇద్దరు పడుకోవచ్చు, ఓ చిన్న స్టవ్ ఉంటుంది. సియాటిల్ దగ్గర ఉంటాం మేము. 2021లో కొన్నాను. కాకినాడలో మెకానికల్ చదివి, పన్నెండేళ్లుగా కోడ్ రాస్తూ బతుకుతున్నవాడికి చేతికి గ్రీజు అంటే వస్తువొకటి కావాలనిపించడంలో వింతేం లేదు. పర్సిగ్ రాసిన మోటార్‌సైకిల్ పుస్తకాన్ని ఇరవై రెండో ఏట చదివినవాళ్లకి ఈ పిచ్చి కాస్త ముదురుతుంది కూడా. (ఆ పుస్తకంలో, బండి బాగుచేసుకోవడం ఇష్టపడని స్నేహితుడి మీద రచయితకుండే జాలి నాకు అప్పట్లో చాలా నచ్చింది. ఇప్పుడు అంతగా నచ్చదు. ఎందుకో ఈ వ్యాసం చివరికి తెలుస్తుందేమో.) కొన్న రోజు మా అమ్మ వీడియో కాల్లో చూస్తుండగా నాలుగు నిమ్మకాయలు తొక్కించాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడానికి నేల మీద వంగినవాణ్ని, ఇంకో రెండడుగులు వెనక్కి జరిగి ఇంజను కిందకి తొంగి చూసుంటే బాగుండేది.

ఆ టిక్ టిక్ ఏమిటో నాకు తెలుసు. ఇంజను హెడ్డుకీ పొగ గొట్టానికీ మధ్య రాగి ప్యాకింగ్ ఉంటుంది. అది కాలిపోతే సన్నటి సందు పడుతుంది. సిలిండర్ పొగ వదిలిన ప్రతిసారీ ఆ సందులోంచి ఒక్క తన్ను తన్నుకుని బయటికొస్తుంది. అదే ఆ చప్పుడు. ఇంజను వేడెక్కాక లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది, చప్పుడు పోతుంది. మొదటి సంవత్సరం పాఠమే ఇది. కానీ ఆ పాఠాన్ని నేను వాడుకున్న తీరు వేరు. కారణం తెలిసింది కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు.

ఈ బండిలో పొగ లీకు మామూలు కారులో లీకు లాంటిది కాదు. దీనికి రేడియేటర్ లేదు. నీళ్లే లేవు. ఇంజను వెనకాల ఉంటుంది, ఫ్యాను గాలితో చల్లబడుతుంది. మరి చలికాలం లోపల కూర్చున్నవాళ్లకి వెచ్చదనం ఎక్కణ్నుంచి వస్తుంది? పొగ గొట్టం నుంచి. ఆ గొట్టం చుట్టూ రేకు తొడుగొకటి ఉంటుంది, దాన్ని హీట్ ఎక్స్ఛేంజర్ అంటారు, ఎడమ వైపొకటి, కుడి వైపొకటి. ఫ్యాను కొంత గాలిని ఆ తొడుగుకీ గొట్టానికీ మధ్య తోస్తుంది. గాలి వేడెక్కి బండి కిందుగా పొడుగాటి గొట్టాల్లో ప్రయాణించి మన కాళ్ల దగ్గరికొస్తుంది. మనం పీల్చే గాలికీ, ఇంజను వదిలే పొగకీ మధ్య ఉండేది ఒక్క పొర ఇనుము. నలభై ఐదేళ్ల ఇనుము.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే గట్టితనం కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కొద్దిగా ఎక్కితే తలనొప్పి, తల తిరగడం, వాంతి. జ్వరం లేని ఫ్లూ లాగా. వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి పసిపిల్లలకి ముందుగా ఎక్కుతుంది.

2023 సెప్టెంబర్‌లో ఆ టిక్ టిక్ సంగతి తేల్చాలని బండి కింద దూరాను. తుప్పు వదిలే నూనె మూడు రోజులు రోజుకి రెండుసార్లు కొట్టాను. అయినా పానా పెట్టి తిప్పితే ఒక స్టడ్డు హెడ్డులోనే విరిగింది. అది విరిగేటప్పుడు చెవికి వినబడదు, మణికట్టుకి తెలుస్తుంది: బిగుతు ఉన్నట్టుండి మెత్తబడిపోతుంది. విరిగిన ముక్కని డ్రిల్లుతో తొలిచి తియ్యడానికి రెండు సాయంత్రాలు పట్టింది. హెడ్డు అల్యూమినియంది, డ్రిల్లు పక్కకి జారితే ఇక అంతే సంగతులు. మొత్తానికి కొత్త స్టడ్లు, కొత్త రాగి ప్యాకింగులు వేసి బిగించాను. మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. ఆ లేని చప్పుడు వినమని మా ఆవిణ్ని నైటీ మీద బయటికి పిలిచాను.

ఇప్పుడు చెప్పాల్సిన విషయం. కింద పడుకుని పని చేస్తున్నప్పుడు, కుడి వైపు ఎక్స్ఛేంజర్ నుంచి హీటర్ గాలి బయటికొచ్చే మూతి దగ్గర మసి కనిపించింది. ఎక్కువేం కాదు, కాటుక వేలు రాసినట్టు. అక్కడ మసి ఉండకూడదు. ఆ మూతిలోంచి వచ్చేది శుభ్రమైన గాలి అయ్యుండాలి. నా చేతిలో గుడ్డ ఉంది. తుడిచేశాను. తుడుస్తూ ఏమనుకున్నానో కూడా గుర్తుంది: పాత లీకు పొగ ఇక్కడిదాకా వచ్చినట్టుంది, ఏం కాదులే.

అక్టోబర్‌లో మా టీమ్‌లో ఉండే కుర్రాడు బండి అడిగాడు. కొత్తగా వచ్చినవాడు, నన్ను అన్నా అంటాడు. భార్య, రెండేళ్ల పాప. లెవెన్‌వర్త్ వెళ్లి ఒక రాత్రి బండిలోనే పడుకుని రావాలని. ఇచ్చాను. స్టవ్ ఎలా వెలిగించాలో, పైకప్పు ఎలా లేపాలో చూపించాను. హీటర్ మీట ఎక్కడుందో కూడా చూపించాను. "స్టీవెన్స్ పాస్ మీద చలి ఉంటుంది, వేసుకోండి" అన్నాను.

ఆదివారం సాయంత్రం బండి తెచ్చిచ్చారు. కడిగించి మరీ. "సూపర్ అన్నా బండి. పాపకే కొంచెం వాంతులయ్యాయి. ఘాట్ రోడ్డు కదా, పడలేదు." నేనూ తలూపాను. ఘాట్ రోడ్లలో వాంతి చేసుకోని తెలుగు బాల్యం ఉంటుందా? నేను శ్రీశైలం వెళ్లిన ప్రతిసారీ చేసుకున్నాను.

ఫిబ్రవరిలో సైలెన్సర్ మార్చడానికి ఎక్స్ఛేంజర్లు కిందకి దించాను. కుడి వైపుది ఊపితే లోపల ఏదో గలగలమంది. దాని పొగ దారి మూతులన్నీ రబ్బరు ముక్కలు, చెక్కపలకలు పెట్టి మూసి, ఒక దాన్లోంచి సైకిల్ పంపుతో గాలి కొట్టి, పాప స్నానాలకి వాడే పెద్ద టబ్బులో ముంచాను. సైకిల్ షాపులో ట్యూబు ముంచుతారే, అచ్చం అలాగే. తొడుగు మూతిలోంచి బుడగలు వరసగా వచ్చాయి. లోపలి గొట్టానికి చిల్లు. చప్పుడు చేసిన లీకు బయటిది. చప్పుడు చెయ్యనిది లోపలిది. నేను మొదటిదాన్ని బాగుచేసి, ఆ నిశ్శబ్దాన్ని చూపించి రెండోదాన్ని ఇంకొకరి చేతికిచ్చాను.

బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది. మోగలేదు. కొన్నాళ్లు దాన్నే పట్టుకుని వేలాడాను. తర్వాత దాని కాగితం చదివాను. ఇళ్లకి అమ్మే ఈ అలారాలు యూఎల్ 2034 అనే ప్రమాణానికి కట్టుబడి తయారవుతాయి. దాని ప్రకారం గాలిలో పదిలక్షల పాళ్లకి 70 పాళ్ల గ్యాసు ఉంటే అది గంటకీ నాలుగు గంటలకీ మధ్య మోగాలి. 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల్లో. 30 ఉంటే మోగడం కాదు, నెలరోజులపాటు మోగకుండా ఉండాలి. జనం విసుగొచ్చి బ్యాటరీ పీకెయ్యకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. ఇక్కడి ప్రభుత్వం బయటి గాలికి పెట్టిన హద్దు చూస్తే ఎనిమిది గంటల సగటు 9. అంటే 9 దాటాక, 70 చేరేలోపు ఒక పెద్ద మౌనం ఉంది. పోనీ సర్కారు వాళ్లెవరైనా పట్టుకునేవాళ్లా అంటే, మా వాషింగ్టన్ రాష్ట్రంలో పొగ పరీక్షలు 2020 జనవరి 1తో ఎత్తేశారు. సొంత బండ్లకి ఏటా చేసే భద్రతా తనిఖీ అసలే లేదు. ఆ ఇనుప పొరకి కాపలా ఉన్నది నేనొక్కణ్నే.

విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అని ఒక ఇంగ్లీషు గణితవేత్త. క్లిఫర్డ్ ఆల్జీబ్రా అనే మాట విన్నవాళ్లకి పేరు తెలుసు. 33 ఏళ్లకే పోయాడు, నాకంటే మూడేళ్లు చిన్న. 1877లో 'ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్' అని ఒక వ్యాసం రాశాడు. అది ఓ ఓడ యజమాని కథతో మొదలవుతుంది. ఓడ పాతది, మరమ్మతులు చాలానే జరిగాయి. వలస వెళ్తున్న కుటుంబాలతో బయల్దేరబోతోంది. యజమానికి అనుమానం వస్తుంది, బాగుచేయించాలేమోనని. కానీ ఇన్ని ప్రయాణాలు చేసింది కదా, ఇన్ని తుఫాన్లు దాటింది కదా, దేవుడున్నాడు కదా అని తనకి తాను నచ్చజెప్పుకుంటాడు. చివరికి నిజంగానే నమ్ముతాడు. ఓడ మునిగిపోతుంది. క్లిఫర్డ్ తీర్పు: అతను మనస్ఫూర్తిగా నమ్మాడు, నిజమే, కానీ అలా నమ్మే హక్కు అతనికి లేదు. తర్వాత కథ మారుస్తాడు. ఓడ మునగలేదనుకుందాం, క్షేమంగా చేరిందనుకుందాం. యజమాని తప్పు రవ్వంతైనా తగ్గుతుందా? తగ్గదంటాడు. పని చేసినప్పుడే అది తప్పో ఒప్పో తేలిపోయింది. తర్వాత జరిగేదాంతో దానికి సంబంధం లేదు. ఇది ఊరికే అన్నమాట కాదు. 1870లో సూర్యగ్రహణం చూడ్డానికి వెళ్తూ సిసిలీ తీరంలో క్లిఫర్డ్ ఎక్కిన ఓడే ప్రమాదానికి గురైంది, అతను బతికి బయటపడ్డాడు.

మొదటిసారి చదివినప్పుడు క్లిఫర్డ్ నాకు మడి కట్టుకున్న మనిషిలా అనిపించాడు. చాలినంత ఆధారం లేకుండా ఎవరూ ఎప్పుడూ దేన్నీ నమ్మకూడదన్నది అతని నియమం. అలాగైతే స్నేహాలుండవు, పెళ్లిళ్లు జరగవు, ఎవరూ ఎవరికీ బండి ఇవ్వరు. 1896లో విలియం జేమ్స్ ఇచ్చిన జవాబు కూడా సుమారుగా ఇటువంటిదే, నేను ఆయన పక్షమే. కానీ ఓడ యజమాని విషయంలో మాత్రం క్లిఫర్డ్ దగ్గర నాకు తప్పించుకునే దారి దొరకలేదు. ఆధారం చాలకపోయినా నమ్మడం ఒకటి, కళ్లెదుట ఉన్న ఆధారాన్ని గుడ్డతో తుడిచి నమ్మడం ఇంకొకటి. నాకు ఎక్స్ఛేంజర్లో చిల్లుందని తెలీదు. కానీ తెలుసుకోవడానికి పనికొచ్చేది నా వేలి కొసన ఉంది.

మన "ఏం కాదులే"లో ఆ "లే" చేసే పని గమనించారా? "ఏం కాదు" అంటే అదొక మాట, దాన్ని నిలదీయొచ్చు. ఎందుకు కాదు, నీకెలా తెలుసు అనొచ్చు. "లే" చేరిస్తే నిలదీసేవాణ్ని భుజం తట్టి కూర్చోబెట్టినట్టు. అది ఎదుటివాళ్లతో అన్నంతసేపూ ఆప్యాయతే. మనతో మనం అనుకుంటేనే చిక్కు. పని జరిగిపోయాక ఇదే మాట రూపం మార్చుకుంటుంది: "ఏం కాలేదుగా!" అక్కడ "గా"ది అదే ఉద్యోగం.

థామస్ నేగెల్ 1976 నాటి వ్యాసంలో ఓ లారీ డ్రైవర్ ఉంటాడు. బ్రేకులు చూపించడంలో కాస్త అశ్రద్ధ చేశాడు. రోడ్డు మీద ఓ పిల్లవాడు అడ్డం వస్తే జీవితాంతం కుమిలిపోతాడు. ఎవరూ అడ్డం రాకపోతే అదే అశ్రద్ధ అతనికి గుర్తు కూడా ఉండదు. మన తీర్పులన్నీ ఇలా అదృష్టం చేతిలో ఉన్నాయే అన్నది నేగెల్ బాధ. నాకు అడ్డం వచ్చిందో రాలేదో కూడా తెలీదు. అది ఘాట్ రోడ్డు వాంతే అయ్యుండొచ్చు. కిటికీలు ఎంత తెరిచారో, హీటర్ ఎంతసేపు వేశారో, చిల్లు అప్పటికి ఎంతుందో! పాత ఎక్స్ఛేంజర్ మళ్లీ బిగించి, మీటరు పెట్టి కొలిచి ఉంటే కొంత తెలిసేది. కొలవలేదు. దాన్ని చెత్త ఇనుములో పడేశాను. ఇది రెండోసారి గుడ్డతో తుడవడం అని నాకు అప్పుడు తోచలేదు.

క్లిఫర్డ్ చెప్పని విషయం ఒకటుంది. ఓడ క్షేమంగా చేరిన రెండో కథలో, మర్నాడు పొద్దున్న యజమాని ఏం చెయ్యాలి? ఓడ బాగుచేయించాలి, సరే. నేను కొత్త ఎక్స్ఛేంజర్లు వేయించాను. తుప్పు పూతలతో, మాసికలతో సరిపెట్టలేదు. దిగిపోయిన ప్రయాణికుల మాటేమిటి? చెప్పాలా?

చెప్పనక్కర్లేదనడానికి నా దగ్గర మంచి వాదనే ఉంది. ఆ గ్యాసు మామూలు గాలి పీలిస్తే ఒకట్రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. నాలుగు నెలలైంది. పాప గంతులేస్తోంది. డాక్టరు చెయ్యగలిగిందేం లేదు. చెబితే ఆ తల్లిదండ్రులకి నిద్రలేని రాత్రులు తప్ప ఒరిగేదేముంది? మా ఆవిడ కూడా అదే అడిగింది, ఇంకో వైపు నుంచి. "నువ్వు చెప్పాలనుకునేది వాళ్ల కోసమా, నీ బరువు దించుకోడానికా?" నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు ఆ ప్రశ్నని సాకుగా వాడుకున్నాను. నా మనసు శుభ్రంగా లేదు కాబట్టి ఊరుకోవడమే నిజాయితీ అని. ఎంత తెలివైన సాకో చూడండి.

అది తెగింది తర్కంతో కాదు. మార్చిలో వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. బయటికి పార్కుకి బయల్దేరుతుంటే ఆ అమ్మాయి పాపకి చెంచాతో ఏదో పట్టింది. "కారెక్కితే పడదు అన్నయ్యా దీనికి. లెవెన్‌వర్త్ ట్రిప్పులో తెలిసింది కదా. అప్పట్నుంచి డాక్టర్ని అడిగి ఈ మందు వేస్తున్నాం. లాంగ్ డ్రైవులు మానేశాం." పాపకి కారు పడదు. ఆ ఇంట్లో అదొక నిజం అయి కూర్చుంది. పాప ఇంకో పదేళ్లకి తన గురించి తను చెప్పుకునే మాటల్లో అదొకటి అవుతుంది. ఆ నిజానికి నా దగ్గర ఒక అనుమానం ఉంది, వాళ్ల దగ్గర లేదు. చెబితే ఒరిగేదేముందన్న నా లెక్కలో ఈ చెంచా లేదు.

చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. మా ఆఫీసులో ఏదైనా తప్పి తప్పించుకున్నా రిపోర్టు రాస్తాం. అందులో మనుషుల పేర్లుండవు, "కాన్ఫిగరేషన్ మారింది", "పరీక్ష జరగలేదు" అనే రాస్తాం. భయం లేకుండా నిజం బయటికి రావడానికి అది మంచి పద్ధతే. కానీ కారులో వాళ్లింటికెళ్తూ మాటలు కూర్చుకుంటుంటే నా తెలుగూ అదే దారి పట్టింది. "లోపల చిల్లు పడిందట", "లీకయిందేమో". ఆ "అట" ఎక్కణ్నుంచి వచ్చింది? నాకెవరు చెప్పారని? టబ్బులో ముంచింది నేను. మన భాషలో గ్లాసు దానంతటదే పగిలిపోతుంది, పాలు వాటంతటవే ఒలికిపోతాయి. ఎంత హాయైన భాష!

చివరికి ఇలా అన్నాను: "సెప్టెంబర్లో నేను అక్కడ మసి చూశాను. తుడిచేసి మీకు బండి ఇచ్చాను." మిగిలిందంతా తర్వాత చెప్పాను. వాంతులు దానివల్లో కాదో నాకు తెలీదని కూడా.

కుర్రాడు వెంటనే "అయ్యో, పర్లేదన్నా, ఏం కాలేదుగా" అన్నాడు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. కాసేపయ్యాక అతని వైపు తిరిగి, "దిగేటప్పుడు నాకూ తల పట్టేసిందని చెప్పాను నీకు" అంది. నా వైపు చూడలేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. ఇంటికెళ్లేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఆ చిల్లు ఫొటో ఉంటే పంపండి" అంది. అన్నయ్యా అనలేదు. చిల్లు లోపలుంది, కనబడదు. బుడగలు వస్తున్న వీడియో ఒకటి తీసుకుని ఉన్నాను, అది పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.

ఏప్రిల్ చివర్లో అతను మెసేజ్ పెట్టాడు. వాళ్ల సొంత కారులో, మందు వెయ్యకుండా, అదే దారిన వెళ్లారట. స్కైకోమిష్ దాటాక పాప వాంతి చేసుకుందట. కింద పగలబడి నవ్వే బొమ్మ. "ఘాట్ రోడ్డే అన్నా! మీరు ఊరికే టెన్షన్ పడ్డారు."

చదవగానే ఒళ్లంతా తేలికైపోయింది. మా ఆవిడకి చూపించాను. ఆవిడ చదివి ఫోను తిరిగిచ్చేస్తూ, "మరి ఆ పిల్ల తలనొప్పి?" అంది.

బండిలో ఇప్పుడు ఒకటీ రెండూ అంకెలు కూడా చూపించే మీటరుంది. ఎప్పుడు చూసినా సున్నా. అయినా హీటర్ వేసినప్పుడు నా పక్క కిటికీ వేలెడంత దించే ఉంచుతాను. చలేస్తోంది మూసెయ్యమని మా ఆవిడ అంటూనే ఉంటుంది. ఆ కుర్రాడు మళ్లీ బండి అడగలేదు.